విరగని బోర్డుల లెక్క

మా బావకి చెక్కుచెదరని వస్తువు మీద బొత్తిగా గౌరవం లేదు. పగిలింది, సొట్టపడింది, నెర్రె విచ్చింది కనిపిస్తే మాత్రం కళ్ళు మెరుస్తాయి. మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు ఆయన మా అక్కని చూసింది తక్కువ, వరండాలో విరిగిన కుర్చీ కోడుని చూసింది ఎక్కువ. వెళ్ళేలోపు దాన్ని అతికించి మరీ వెళ్ళాడు. ఆ కుర్చీ ఇప్పటికీ గట్టిగానే ఉంది. అక్క కూడా ఆయనతో గట్టిగానే ఉంది. కానీ అది తన ఓపిక గొప్పదనమే తప్ప ఆయన జిగురు గొప్పదనం కాదంటుంది.

ఊళ్ళో అందరూ ఆయన్ని అతుకులాయన అంటారు. రేవు రోడ్డు చివర ఐసు ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని ఒక రేకుల షెడ్డు, అదే ఆయన రాజ్యం. మొదట్లో నీళ్ళ ట్యాంకులకీ, బస్సుల ముందు మూతులకీ ఫైబర్ అతుకులు వేసేవాడు. ముప్పై ఏళ్ళ కిందట ఒక పొడుగు జుట్టు మనిషి దుప్పట్లో ఏదో చుట్టుకుని వచ్చాడు. విప్పితే అలల మీద నిలబడి జారే సర్ఫింగ్ బోర్డు, రెండు ముక్కలై.

"ఇది బతుకుతుందా?" అని అడిగాడట ఆ మనిషి.

"ముందు ఇదేమిటో చెప్పవయ్యా, బతుకు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడట బావ.

అతికించాడు. కానీ ఆయనకో నియమం ఉంది. ట్యాంకు అతికితే నీళ్ళు నింపి ఒక రోజు చూడాలి. బస్సు మూతి అతికితే ఆ బస్సెక్కి గతుకుల రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి రావాలి. చూడకుండా ఏదీ షెడ్డు దాటదు. మరి బోర్డు అతికితే? సముద్రంలో దాని మీద నిలబడి చూడాలి. అలా మా బావ సర్ఫింగ్ నేర్చుకున్నాడు. సరదా కోసం కాదు, గ్యారంటీ ఇవ్వడం కోసం. మొదటి నెలంతా ఆయన తాగిన ఉప్పునీళ్ళతో ఒక ట్యాంకు నిండేది. తర్వాత గ్యారంటీ మాట ఆయనే మరిచిపోయాడు. ఆదివారం తెల్లవారితే చాలు, అతికిన బోర్డు ఉన్నా లేకపోయినా నీళ్ళలోనే ఉంటాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, కథంతా దాని మీదే నడుస్తుంది. బోర్డు మీద చాలామంది ఎడమకాలు ముందు పెట్టి నిలబడతారట. మా బావ కుడికాలు ముందు పెడతాడు. మా ఊరి అల రేవు రాళ్ళగోడని ఒరుసుకుంటూ ఎప్పుడూ కుడివైపుకే విచ్చుకుంటూ పోతుంది. కుడికాలు ముందు పెట్టినవాడు కుడివైపుకి పోతే అల వాడి వీపు వెనకాల ఉంటుంది. ఎడమవైపుకి పోతే కళ్ళ ఎదుట ఉంటుంది. అంటే మా బావ ముప్పై ఏళ్ళుగా అలలకి వీపు చూపిస్తూనే ఉన్నాడన్నమాట. ఆదివారాలు రాళ్ళగోడ మీద కాఫీ ఫ్లాస్కుతో కూర్చునే అక్కకి మాత్రం ఆయన ముఖం బాగా కనిపించేది. నాలిక కొంచెం బయటపెట్టి, కనుబొమలు ముడిచి, పరీక్ష రాసే పిల్లాడిలా వెళ్ళేవాడు.

"కాలు మార్చుకోవచ్చు కదా బావా?" అన్నాను ఒకసారి.

"నువ్వు ఎడం చేత్తో సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద రాయి, చూద్దాం" అన్నాడు. నేను స్కూల్లో లెక్కల మాస్టర్ని. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

కానీ ఆయనే అన్నాడు. "ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి, గోడకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నట్టుంటుందోయ్. అల గొంతు తెలుసు, తోపు తెలుసు, ముఖమే తెలీదు. పోయేలోపు ఒక్కసారి ముఖం చూడాలి."

ఆయన దగ్గర నల్ల అట్ట పుస్తకం ఒకటుంది. షెడ్డుకి వచ్చిన ప్రతి బోర్డు చరిత్రా అందులో ఉంటుంది. ఏ సముద్రంలో దెబ్బ తగిలింది, ఏ వైపు తగిలింది, గీత పొడవెంత, అడుగున రెక్క విరిగిందా, ముక్కు విరిగిందా అని బొమ్మ గీసి మరీ రాసుకుంటాడు. ఆ పుస్తకంలోనే ఇరవై ఏళ్ళ కిందట ఆయనకి ఒక దీవి దొరికింది. మా రేవు నుంచి ఓడలో ఒకటిన్నర రోజు ప్రయాణం. వారానికి ఒకే ఓడ. బావ దాన్ని చూడలేదు, మా ఇంట్లో ఎవరూ చూడలేదు. అక్కడికి వెళ్ళొచ్చిన బోర్డులే ఆయనకి దాని గురించి చెప్పాయి.

ఆరో బోర్డు వచ్చిన రోజు నన్ను స్కూలు నుంచి పిలిపించాడు. ఏదో కొంప మునిగిందని పరిగెత్తాను.

"ఇటు చూడు. ఆరు బోర్డులు. ఆరింటికీ కుడి అంచు కిందే గీతలు. అంటే పోతున్నప్పుడు ఒడ్డు కుడివైపున ఉందన్నమాట, లోతు తక్కువ అటే కదా. ఒడ్డు కుడివైపున ఉంటే అల ఎడంవైపున ఉన్నట్టే. ఆ దీవిలో అల ఎడమకి పోతుందోయ్!"

నా చేతిలో ఇంకా సుద్దముక్క ఉంది. ఆయన ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

అప్పటినుంచి వెళ్ళడానికి మూడుసార్లు ముహూర్తం పెట్టాడు, మూడుసార్లూ మానేశాడు. మొదటిసారి షెడ్డు రేకులు మార్చాలన్నాడు. రెండోసారి ఓడ రంగు నచ్చలేదన్నాడు. నేను కల్పించి చెప్పడం లేదు, తుప్పు మీద రంగు వేసిన ఓడ ఎక్కనన్నాడు. మూడోసారి కారణం కూడా చెప్పలేదు, కట్టిన మూట విప్పి సామాను ఎక్కడిదక్కడ సర్దేశాడు. ఈ మీనమేషాలు లెక్కపెట్టడంలో ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. ఆయనకి యాభై ఎనిమిది వచ్చాయి. మోకాలు వాచింది.

అక్క పెద్దాసుపత్రిలో ఎముకల విభాగంలో, పిండికట్టు వేసే గదిలో పనిచేస్తుంది. అక్కడి డాక్టరుకే మోకాలు చూపించింది. ఆపరేషన్ తప్పదన్నాడాయన, ఎనిమిది వారాల తర్వాత రోజు కూడా ఇచ్చాడు. "ఆ తర్వాత నడవొచ్చు, మెట్లెక్కొచ్చు. గొంతుక్కూర్చోవడం మాత్రం మరిచిపోండి" అన్నాడట. గొంతుక్కూర్చుని లేవడమంటే బోర్డు మీద లేవడమే. అది పోతే అన్నీ పోయినట్టే.

ఆ సాయంత్రం అక్క నల్ల పుస్తకాన్ని భోజనాల బల్ల మీద పెట్టింది.

"ఏమండీ, వచ్చే నెల మంచి అలలు వచ్చే రోజులని మీ పుస్తకంలోనే ఉంది. వీడికి స్కూలు సెలవులు. నాకు సెలవు దొరికింది. ఈసారి వెళ్ళకపోతే ఈ పుస్తకాన్ని పొయ్యిలో పెడతాను. మీరు కోపం తెచ్చుకోండి, తెచ్చుకోకపోండి."

"నాకు ఈత రాదక్కా, నేనెందుకు?" అన్నాను.

"సామాను మొయ్యడానికి ఈత ఎందుకురా?" అంది.

అలా మొదలైంది ప్రయాణం ఏర్పాటు. రోజూ సాయంత్రం భోజనాల బల్ల ఒక చివర అక్క కూరగాయలు తరుగుతుంటే, రెండో చివర మేమిద్దరం ఆ దీవిని కాగితం మీద కట్టేవాళ్ళం. నిజంగా కట్టడమే. తీరం ఎలా ఉంటుందో ఎక్కడా సరైన పటం దొరకలేదు. బావ ఒక్కో బోర్డు గీతలూ చూసి, కొలిచి, తీరాన్ని గీశాడు. "ఇక్కడ పగడపు దిబ్బ. నునుపు కాదు, వేలి మందం ముళ్ళుంటాయి, చూడు ఈ గీతల మధ్య ఎడం. గీత పొడుగ్గా సాగి చివర్లో ముక్కు విరిగింది. అంటే అల చివరికొచ్చేసరికి లోతు ఠక్కున తగ్గిపోతుంది." ఒక మనిషి చూడని సముద్రపు అడుగుని గీతలు చూసి చెబుతుంటే, పదో క్లాసు పిల్లలకి త్రికోణాలు చెప్పుకునే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

కానీ మూడో వారానికి కాగితం మీద తీరం తగ్గి, సామాను పెరగసాగింది. రెసిన్ జిగురు డబ్బాలు నాలుగు, ఫైబర్ గుడ్డ చుట్ట, గరుకు కాగితాలు మూడు రకాలు, అదనపు రెక్కలు, తలకి టోపీ, కాళ్ళకి బూట్లు, గాయాలకి మందుల పెట్టె. ఒకటి చాలదని రెండు బోర్డులు. రెండూ విరిగితే అతికించడానికి ముక్కల్ని నొక్కిపట్టే బిగింపులు రెండు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అంటారు గానీ, ఈయన పిల్లితో పాటు దాని సంసారాన్ని కూడా మోసుకెళ్ళేలా ఉన్నాడు. మోసేది నేను కాబట్టి నాకు బాధ ఎక్కువ.

ఓడకి ఇంకా పది రోజులుందనగా ఒక సాయంత్రం బావ పుస్తకం మూసేశాడు. ముఖం వాడిపోయి ఉంది.

"ఆ దీవి నుంచి వచ్చిన బోర్డులు మొత్తం ఎన్నోయ్?"

"ఇరవై మూడు."

"అందులో విరిగినవి?"

"ఇరవై మూడు."

"శాతం ఎంత?"

"నూటికి నూరు" అన్నాను. చెప్పడమే కాదు, కాగితం మీద రాసి కింద రెండు గీతలు కూడా గీశాను. వృత్తి అలవాటు.

"చూశావా. వెళ్ళిన ప్రతివాడికీ విరిగింది. నా మోకాలి సంగతి నీకు తెలుసు. విరగొట్టుకోవడానికి ఒకటిన్నర రోజు ఓడలో పోవాలా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? టికెట్లు తిరిగి ఇచ్చెయ్." గొంతులో విసుగు లేదు, కోపం లేదు. దానికే నాకు భయం వేసింది. మూడుసార్లు ఎందుకు మానేశాడో అప్పుడర్థమైంది. మానేసిన ప్రతిసారీ ఆయన ఈ లెక్కే వేసుకుని ఉంటాడు. రేకులూ, ఓడ రంగూ పైకి చెప్పినవి మాత్రమే.

బల్ల అటు చివర కత్తి చప్పుడు ఆగింది.

"ఏమండీ, మా గదికి రోజుకి నలభై మంది వస్తారు. నలభై మందికీ ఎముకలు విరిగే ఉంటాయి. ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ ఎముకలు విరిగాయా?"

బావ తల తిప్పి చూశాడు.

"విరగనివాడు మా గదికెందుకొస్తాడు? వాడు హాయిగా బజార్లో తిరుగుతుంటాడు. మీ షెడ్డుకైనా అంతే కదా. ఆ దీవికి వెళ్ళి బోర్డు విరక్కుండా వచ్చినవాడు మీ మొహం చూడ్డానికి వస్తాడా? వాడు మీ పుస్తకంలో ఎలా ఉంటాడు?"

నేను గీసిన రెండు గీతలు నా వైపే చూస్తున్నాయి. ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి, ఆ మాట నా నోట రావాలి. పిండికట్లు కట్టే మనిషి నోట వచ్చింది. కాగితాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాను. అక్క చూసింది. చూసి ఊరుకోలేదు.

"ఆ కాగితం మీ హెడ్‌మాస్టర్‌కి చూపించరా, జీతం పెంచుతాడు."

బావ నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత భుజాలు కదిలేలా. "ఇరవై ఏళ్ళే! ఇరవై ఏళ్ళు నా షెడ్డు గుమ్మంలోంచే లోకాన్ని చూశాను" అని కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వి తుడుచుకున్నాడో, మరెందుకో నేను అడగలేదు.

మర్నాటి నుంచి ఆయన షెడ్డు మూసి, పుస్తకం చంకన పెట్టుకుని ఊరిమీద పడ్డాడు. జీవితంలో మొదటిసారి బోర్డులు ఆయన దగ్గరికి రావడం మాని, ఆయనే బోర్డుల దగ్గరికి వెళ్ళాడు. ఓడ టికెట్ల కిటికీ దగ్గర, సముద్రపొడ్డున సామాను అద్దెకిచ్చే కొట్టులో, ఎవరు కనబడితే వాళ్ళని ఒకటే ప్రశ్న. "ఆ దీవికి వెళ్ళి బోర్డు విరగ్గొట్టుకోనివాళ్ళు ఎవరన్నా తెలుసా?" అతుకులాయనకి మతి చెడిందని సగం ఊరు అనుకుంది. మిగతా సగం గిరాకీ తగ్గి బేరాలు వెతుక్కుంటున్నాడనుకుంది.

నాలుగు రోజుల్లో పదిహేడు మంది దొరికారు. పదిహేడో మనిషి దొరికింది మా స్కూల్లోనే. మా స్కూలు బస్సు నడిపే ఆవిడ. ఎనిమిదేళ్ళుగా ఆవిడ వెనక సీట్లో కూర్చుని వెళ్ళొస్తున్నాను, ఆవిడ సర్ఫింగ్ చేస్తుందని నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు, అందుకని ఆవిడా చెప్పలేదు. ఆ దీవికి నాలుగుసార్లు వెళ్ళిందట. బోర్డు తెచ్చి బస్సు పక్కన గడ్డి మీద బోర్లా పెట్టింది. అడుగున ఒక్క గీత కూడా లేదు. బావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి చూసి ఏం చెప్పాలో తెలీని డాక్టరులా నిలబడ్డాడు.

"మా ఇంటాయన మీ షెడ్డుకి వచ్చాడు రెండుసార్లు. నేనెందుకు రావాలి?" అందావిడ.

"అల ఎటు పోతుందమ్మా?" అని అడిగాడు. ఇరవై ఏళ్ళ ప్రశ్న.

"ఎడమకి. మీరు వెళ్ళలేదన్నారు, మరి మీకెలా తెలుసు?"

బావ తను గీసిన తీరం పటం చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసింది. వేలితో రెండుచోట్ల మాత్రం సరిచేసింది. "అయ్య బాబోయ్, పగడపు దిబ్బ మలుపు కూడా వేశారే" అంది. తర్వాత స్టీరింగు ముందు కూర్చుని పాఠం చెప్పింది. "ఒడ్డుకి దగ్గర్లో ఒక నల్లరాయి ఉంటుంది. పోటెక్కి అది మునిగాకే దిగాలి, మళ్ళీ తల చూపించేలోపు బయటికి రావాలి. మధ్యలో రెండు గంటలు. ఆ పోటు కూడా రోజూ ముప్పావుగంట పైనే వెనక్కి జరుగుతుంది, మన బస్సు లాంటిది కాదు. ఇంకో మాట. అల మీద పోతున్నప్పుడు ఎర్ర పైకప్పు గిడ్డంగి ఎదురుగా రాగానే దిగిపోవాలి. ఇంకొంచెం పోదామని ఆశపడ్డవాళ్ళే మీ షెడ్డుకొస్తారు."

బావ పుస్తకం వెనకవైపు నుంచి కొత్త పేజీ తిప్పాడు. పైన 'విరగనివి' అని రాసి గీత గీశాడు. పదిహేడు పేర్లూ, వాళ్ళు ఎప్పుడు దిగారో, ఎక్కడ ఆగారో అన్నీ రాశాడు. నేను ఆరు రోజుల పోటు వేళలు లెక్కగట్టి పట్టిక వేశాను. ఈసారి కింద గీతలు గీసేముందు అక్కకి చూపించాను.

సామాను తగ్గించే పని అక్క తీసుకుంది. రెసిన్ డబ్బాలు నాలుగింట్లో మూడు వెళ్ళిపోయాయి. బిగింపులు, రెండో బోర్డు, గుడ్డ చుట్ట అన్నీ మళ్ళీ షెడ్డుకి చేరాయి. ఒక్క చిన్న డబ్బా మాత్రం బావ తన చొక్కాల మధ్య దాచాడు. అక్క చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. నలభై ఏళ్ళుగా రోగుల్ని చూసిన మనిషి ఎంత మందు ఉంచాలో తెలిసే ఉంచింది అనబోయాను గానీ, తనకి అంత వయసు లేదని తిడుతుందని మానేశాను.

ఓడ ప్రయాణం గురించి నేను ఎక్కువ చెప్పను. ఒకటిన్నర రోజూ నేను ఒక బకెట్టుతో స్నేహం చేశాను. దీవిలో దిగి, గట్టి నేల మీద కాలు పెట్టి, బావని చూశాను. ఆయన ఒడ్డు మీద నిలబడి పటం విప్పి, పటాన్నీ తీరాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. నల్లరాయి, దిబ్బ మలుపు, ఎర్ర పైకప్పు గిడ్డంగి. ఎక్కడివక్కడే ఉన్నాయి. సొంత ఊరికి తిరిగొచ్చినవాడిలా తల ఊపాడు.

మొదటి మూడు రోజులు గాలి అడ్డం తిరిగి అలలు ముక్కలైపోయాయి. నాలుగోనాడు పొద్దున్నే గాలి పడిపోయింది. నా పట్టిక ప్రకారం ఎనిమిదీ పదికి నల్లరాయి మునగాలి. మునిగింది. నా లెక్క ఒకటైనా నిజమైనందుకు నాలో నేనే భుజం తట్టుకున్నాను.

బావ బోర్డు చంకన పెట్టుకుని నీళ్ళ అంచుకి వెళ్ళేసరికి, ఎదురుగా ఒకతను బయటికి వస్తున్నాడు. చేతిలో బోర్డు రెండు ముక్కలై ఉంది. మోచేతి మీద రక్తం. బావ అక్కడే ఆగిపోయాడు. నీళ్ళలో పెట్టిన పాదం వెనక్కి తీశాడు. ఆయన చూపు సముద్రం మీద నుంచి జారి ఆ విరిగిన బోర్డు మీద నిలబడింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఇరవై నాలుగో బోర్డు. నూటికి నూరు.

అక్క చెప్పులు విడిచి గబగబా నీళ్ళ దాకా వెళ్ళింది. ఆ మనిషి మోచెయ్యి పట్టుకుని వంచి చూసింది, విరగలేదని వదిలింది. తర్వాత నా వైపు తిరిగి కేకేసింది.

"ఒరేయ్, లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు!"

లెక్కపెట్టాను. గొంతు చించుకుని అరిచాను. "పంతొమ్మిది! విరిగింది ఒకటి, లోపల పంతొమ్మిది!"

ఈ జన్మలో నేను చేసిన లెక్కలన్నిట్లో అదొక్కటే పనికొచ్చింది. బావ నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. విరిగిన బోర్డు మనిషితో "సాయంత్రం మా బసకి పట్రావయ్యా, డబ్బా తెచ్చాను" అన్నాడు. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని పళ్ళు కొరికింది. ఆయన అప్పటికే నీళ్ళలో బోర్డు మీద బోర్లా పడి ఈదుకుంటూ పోతున్నాడు. నిండా మునిగినవాడికి చలేమిటి?

రెండు అలలు వదిలేశాడు. మూడోది వస్తోందని ఒడ్డు మీద ఉన్న నాకే తెలిసింది, సముద్రం అంచు మొత్తం లేచింది. బావ చేతులు ఆడించాడు. బోర్డు వంగింది. ఇక లేవాలి. లేచే క్షణంలో మోకాలు పట్టేసిందని దూరం నుంచే కనిపించింది. సగంలో ఆగాడు, ఒక చెయ్యి బోర్డు మీదే ఉంది. అక్క నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగాయి. తర్వాత ఆయన నిలబడ్డాడు.

నిలబడి ఎడమకి తిరిగాడు. అల ఆయన ముందు గోడలా లేచి, విచ్చుకుంటూ, మెరుస్తూ పరిగెత్తింది. ఆయన దాని పక్కనే, చెయ్యి చాచి వేళ్ళతో దాన్ని తాకుతూ పోయాడు. ఒడ్డున ఉన్న మాకు ముఖం కనిపించలేదు. వెడల్పాటి వీపు, నెరిసిన జుట్టు, చాచిన చెయ్యి మాత్రమే కనిపించాయి. ఎంతసేపు పోయాడో! మా ఊరి అలలు నాలుగు కలిపినా అంత పొడుగుండవు. ఎర్ర పైకప్పు దగ్గరపడింది. "ఆశపడకండి, ఆశపడకండి" అని అక్క గొణుగుతోంది. సరిగ్గా గిడ్డంగి ఎదురుగా రాగానే ఆయన బోర్డుని అల వీపు మీదుగా తిప్పేసి, వెనక నీళ్ళలోకి వెల్లకిలా పడ్డాడు. అవతల నుంచి ఒక కేక వినిపించింది. మాటలు లేవు అందులో. యాభై ఎనిమిదేళ్ళ మనిషి గొంతులో అలాంటి కేక ఉంటుందని నాకు తెలీదు.

నేను గెంతులేశాను. పక్కనున్న విరిగిన బోర్డు మనిషి కూడా నాతో పాటు గెంతాడు, ఎందుకో వాడికి తెలీదు పాపం.

అక్క గెంతలేదు. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది. "ముప్పై ఏళ్ళలో ఈయన వీపు చూడ్డం ఇదే మొదటిసారి రా" అంది.

బావ కుంటుకుంటూ బయటికి వచ్చాడు. అలవాటు చొప్పున ముందు బోర్డుని తిరగేసి అడుగున చేత్తో తడిమాడు. ఒక్క గీత లేదు. మళ్ళీ తడిమాడు. చెక్కుచెదరని వస్తువుని మా బావ అంత ప్రేమగా పట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు. తర్వాత తలెత్తాడు. ఆ ముఖం ఎలా ఉందో నాకు చెప్పడం రాదు.

"చూశావా?" అని అక్కని అడిగాడు.

"ఏం చూశాను, మీ వీపు! ఇన్నాళ్ళూ ముఖం నాకు చూపించి వీపు దానికి చూపించారు. ఇవాళ దాని వంతు, పోనీలెండి" అంది అక్క, కొంగుతో ఆయన తల తుడుస్తూ. "ఇంతకీ ఎలా ఉంది దాని ముఖం?"

బావ నల్లరాయి వైపు చూశాడు, ఇంకా మునిగే ఉంది. నా చేతిలోని పట్టిక వైపు చూశాడు.

"ఇంకా ఎంత టైముందోయ్?"

"గంటా ఇరవై నిమిషాలు" అన్నాను.

"అయితే ఇంకోసారి చూసొచ్చి చెబుతాను" అని అక్క చేతిలోంచి తల విడిపించుకుని, మళ్ళీ నీళ్ళలోకి నడిచాడు.